సేవకు వచ్చినవాళ్ళు సాక్ష్యానికి ఎందుకు రారు?

పోయిన డిసెంబరులో మా పేటకి దుప్పట్లు వచ్చాయి. ఏటా వస్తాయి. కార్తీక మాసం అయిపోయి అన్నవరం కొండకి వచ్చే జనం కాస్త పలచబడి, కింద లాడ్జీల్లో గదులు కడిగే మా ఆడవాళ్ళకి నడుం వాల్చే తీరిక దొరికే రోజులవి. వ్యాను వచ్చింది. బ్యానరు కట్టారు. ప్రార్థన చేశారు. ముసలాళ్ళని వరసలో నిలబెట్టారు. ఒక్కో దుప్పటి మీద ఇచ్చేవాళ్ళవి ఆరేసి చేతులు పడ్డాయి, ఫొటోలు తీసుకున్నారు. మా పెద్దమ్మ దుప్పటి అందుకుని, ఇచ్చిన పెద్దమనిషిని ఒక మాట అడిగింది.

"అయ్యా, వచ్చే నెల మా వోడి కేసు వాయిదా ఉందండి. మీలో ఒక్కరన్నా కోర్టుకి వస్తారా?"

ఆయన చిరునవ్వు నవ్వాడు. "ప్రార్థన చేస్తామమ్మా" అన్నాడు.

పెద్దమ్మ మారు మాట్లాడలేదు. దుప్పటి మడత పెట్టుకుని ఇంటికొచ్చేసింది. ఆ ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది. ఈ వారం వ్యాసం దాని గురించే.

అంతకు కొన్నాళ్ళ ముందు క్లాసులో జాషువా పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి అడిగాడు: "మేడమ్, మిషనరీలు రాకపోతే మనం ఈ బెంచీల మీద కూర్చునేవాళ్ళమా? అన్నం పెట్టారు, చదువు చెప్పారు, మందులిచ్చారు. మరి మీరు చర్చిని ఎప్పుడూ ఎందుకు నిలదీస్తారు?" మంచి ప్రశ్న. వాడికి ఆ రోజు సగమే జవాబు చెప్పగలిగాను, బెల్లు కొట్టేశారు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు బాకీ ఒప్పుకుందాం. మా మామ్మ బడి మొహం చూడలేదు. బైబిలు స్త్రీ ఒకావిడ పేటకొచ్చి, చింత చెట్టు కింద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. మామ్మకి మత్తయి సువార్త చదివేంత చదువు వచ్చింది. రేషను కార్డు మీద డీలరు తప్పు రాస్తే పట్టుకునేంత కూడా వచ్చింది. ఆ రెండో చదువు ఊళ్ళో చాలామందికి నచ్చలేదు. మా నాన్న మిషను బోర్డింగులో ఉండి పది దాకా చదివాడు. నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశానంటే ఆ చింత చెట్టు నీడ నా దాకా వచ్చిందనే అర్థం. ఇది కాదనేవాళ్ళు మన చరిత్ర చదవనివాళ్ళు.

గోదావరి జిల్లాల్లో ఈ కథ పాతది. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం, పాలకొల్లు కేంద్రంగా జీవితమంతా పనిచేశారు. రాజమండ్రి లూథరన్లది. ఇటు మా వైపు, కాకినాడ నుంచి సామర్లకోట, పిఠాపురం, తుని దాకా కెనడా బాప్టిస్టులది. బడులు, ఆస్పత్రులు, రామచంద్రపురంలో కుష్ఠు రోగులకి ఆశ్రమం. ఇంట్లోవాళ్ళే గుమ్మం బయట పడేసిన మనిషి పుండుని కడిగిన చేతులవి. వాటికి దండం పెట్టే విషయంలో నాకు ఏ సిద్ధాంతం అడ్డు రాదు.

అయితే ఆ చేతులన్నీ తెల్లవే అనుకోకండి. కాకినాడ సంగతే తీసుకోండి. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడ వచ్చారని పుస్తకాల్లో ఉంటుంది. వాళ్ళకంటే ముందే అక్కడ థామస్ గాబ్రియేలు అనే తెలుగు మనిషి ఉన్నాడు. తంతి శాఖలో ఉద్యోగం. అది వదులుకుని సొంతంగా సంఘం మొదలుపెట్టాడు, అప్పుల పాలయ్యాడు, మోయలేక కెనడా వాళ్ళని రమ్మని అడిగాడు. జాన్ మెక్‌లారిన్ కాకినాడలో దిగిన కొద్ది కాలానికే గాబ్రియేలు చనిపోయాడు. ఇవాళ మెక్‌లారిన్ పేరుతో కాకినాడలో హైస్కూలు ఉంది. గాబ్రియేలు పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఒంగోలు వైపు ఎర్రగుంట్ల పేరయ్య కథా అంతే. మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళి, అక్కడ విన్న మాటని మూట కట్టుకుని ఊరికి తెచ్చాడు. జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చేసరికే పేరయ్య తన ఊళ్ళో పని మొదలుపెట్టేసి ఉన్నాడు. దొర వెనకాల పేరయ్య నడిచాడని మనం అనుకుంటాం. ఊరూరా దారి చూపించింది పేరయ్యే, ఆ దారిన నడిచింది దొర.

మంచి సమరయుడి కథ ప్రతి ఆదివారం బడి పిల్లకీ తెలుసు. దొంగలు కొట్టి దారి పక్కన పడేసిన మనిషి. పూజారి చూసి పక్కనుంచి పోయాడు. లేవీయుడూ అంతే. సమరయుడు ఆగాడు. మనకి ప్రసంగాల్లో ఏం చెబుతారు? "మనమంతా సమరయుల్లా ఉండాలి, బీదలకి సాయం చేయాలి" అని. సమరయుడు ఆ దేశంలో ఎవరో చెప్పరు. యూదులు నీళ్ళు కూడా పుచ్చుకోని మనిషి. అంటే వెలివాడ మనిషి. ఆ కథలో సేవ చేసినవాడు పెద్దింటివాడు కాడు. ఊరు ముట్టుకోనివాడు. సేవ పైనుంచి కిందికి జారే జాలి అయితే ఆ కథకి సమరయుడి అవసరమే లేదు, పూజారి చాలు.

ఇక సేవ ఎలా చేయాలన్న ప్రశ్నకి మన తెలుగు నేల మీదే జవాబు దొరికింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధాని అంతా కరువు. "గంజి కోసం మతం మారారు" అని మన ముత్తాతల్ని ఇప్పటికీ ఎగతాళి చేస్తుంటారు కదా, ఆ మాట ఎక్కువగా వినిపించేది ఈ కరువు గురించే. కాబట్టి అసలు జరిగింది తెలుసుకోండి. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. పనికి వెళ్ళిన మాదిగల్ని పైకులాల మేస్త్రీలు తిట్టడం, కొట్టడం, కూలి దగ్గర మోసం చేయడం. క్లౌ దొరకి సర్వే పని తెలుసు. ఆయన వెళ్ళి ఆ కాలువలో మూడు మైళ్ళకు పైగా ముక్కని తనే కాంట్రాక్టుకి తీసుకున్నాడు. మేస్త్రీలుగా ఎవర్ని పెట్టాడు? మన బోధకుల్ని, మాదిగల్ని. గంజి తొట్టి దగ్గర చేయి చాపాల్సిన జనం చేత్తో పార పట్టి కూలి తీసుకున్నారు. తిట్టే మేస్త్రీ పోయి, పేరు పెట్టి పిలిచే మేస్త్రీ వచ్చాడు.

ఇంకో సంగతి. కరువు సాగినంత కాలం, ఏడాదికి పైగా, ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట పడకూడదని. కరువు పనులు ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సాయం ఆగిపోయాక వచ్చిన జనం వాళ్ళు. వాళ్ళని నీళ్ళ దాకా నడిపించింది గంజి అయితే గంజి ఉన్నప్పుడే వచ్చేవాళ్ళు. మేస్త్రీ చేతిలో దెబ్బలు తిన్న మనిషికి మేస్త్రీ పని ఇచ్చారు చూడండి, ఆ గౌరవం వాళ్ళని నడిపించింది.

ఇదే సమయంలో మన డెల్టాలో మరో పాఠం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో మొదలై 1852కి పూర్తయింది. కట్టించిన ఆర్థర్ కాటన్ గట్టి క్రైస్తవుడు. కరువుకి చలించి, పైవాళ్ళతో పోట్లాడి కట్టించాడు. అందులో ఏ అనుమానమూ లేదు. ఊరూరా ఆయన విగ్రహం ఉంది. కానీ ఆ కాలువ నీళ్ళు ఎవరి చేలోకి వెళ్ళాయి? చేను ఎవరి పేరున ఉంటే వాళ్ళ చేలోకి. నీళ్ళొచ్చాక భూమి బంగారమైంది. బంగారం పండే భూమికి కామందులు తయారయ్యారు, కామందులకి పాలేర్లు కావాల్సి వచ్చారు. ఆ పాలేరు బతుకు ఎలాంటిదో కోనసీమ మామిడికుదురు నుంచి వచ్చిన బోయి భీమన్న నాటకం రాసి చెబితే గానీ ఊళ్ళు వినలేదు. మాది మెట్ట ప్రాంతం. ఊడ్పులప్పుడు మా మామ్మ వాళ్ళు జట్టు కట్టి డెల్టాకి దిగిపోయేవాళ్ళు. కాటన్ దొర నీళ్ళల్లో మోకాళ్ళ దాకా నిలబడి నారు వేశారు, ఒక్క సెంటు మీద పేరు లేకుండా.

కాటన్‌ని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. మనసు ఎంత మంచిదైనా, హక్కు ఎవరిది అన్న ప్రశ్నని ముట్టుకోని సేవ ఉన్నవాడికే ఇంకాస్త పెడుతుంది. ఆనకట్ట అంత పెద్ద సేవకే ఈ గతి పడితే దుప్పటి ఎంత?

ఇప్పుడు మా పెద్దమ్మ కొడుకు సంగతి చెప్పాలి. పేర్లూ ఊళ్ళూ రాయను, కేసు నడుస్తోంది.

మా తమ్ముడు ట్రాక్టరు డ్రైవరు. జీడిమామిడి తోటల్లో పని. మూడు నెలల జీతం ఆగిపోయింది. అడగడానికి వెళ్ళాడు. రెండుసార్లు "రేపు రా" అన్నారు. మూడోసారి పదిమందిలో గట్టిగా అడిగాడు. అదీ తప్పు. సెంటర్లో, కిళ్ళీ కొట్టు ముందర, కులం పేరు పెట్టి తిట్టి, చెప్పు తీసి కొట్టారు. కింద పడ్డాక కర్రతో కొట్టారు. చెయ్యి విరిగింది.

స్టేషనుకి వెళ్ళాం. లోపల మొదటి ప్రశ్న "ఎవరు కొట్టారు" అని కాదు. "ఏరా, నువ్వు చర్చికెళ్తావా?" అని. వాడికి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. నాకు అర్థమై కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ఈలోగా సంఘ పెద్దలు ఇద్దరు వచ్చారు. మా కోసమనుకున్నాం. కామందు కారులో వచ్చారు. "క్షమించమని కదమ్మా ప్రభువు చెప్పింది, రాజీ పడిపోండి, ఆస్పత్రి ఖర్చులు ఇప్పిస్తాం" అన్నారు. కొట్టినవాడు ఇంకా క్షమాపణ అడగనే లేదు. అడగనివాడికి క్షమాపణ ఇంటికి తీసుకెళ్ళి ఇమ్మంటున్నారు.

మా కోసం వచ్చింది ఒక్కరే. పేట చివర రేకుల షెడ్డులో సంఘం నడిపే అయ్యగారు. ఆయనకి జీతమిచ్చే మిషను లేదు. వారమంతా తాపీ పని చేస్తాడు, ఆదివారం వాక్యం చెబుతాడు. సిమెంటు అంటిన చొక్కాతోనే వచ్చి స్టేషను అరుగు మీద కూర్చున్నాడు. ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చేసరికి రాత్రి పన్నెండు దాటింది. అప్పటిదాకా కూర్చున్నాడు. ప్రార్థన చేశాడా అంటే, నాకు వినబడేలా చేయలేదు. కూర్చున్నాడు, అంతే.

తర్వాత కులం విచారణ ఉంటుందన్నారు. ఇంటికొచ్చి చూస్తారు. మా పెద్దమ్మ ఇంటి తలుపు మీద చెక్క సిలువ ఉంది. పెదనాన్న చేసిపెట్టింది, ఆయన పోయి పదేళ్ళయింది. విచారణ ముందు రోజు సాయంత్రం అయ్యగారు వచ్చాడు. పెద్దమ్మ ఆయన వైపూ తలుపు వైపూ చూసి ఏమీ అనలేకపోయింది. ఆయనే స్టూలు ఎక్కి, మేకు ఊడదీసి, సిలువని దించి, తన భుజం మీద తువ్వాలు తీసి అందులో చుట్టి పెద్దమ్మ చేతికిచ్చాడు. "తలుపు మీదున్నా పెట్టెలో ఉన్నా ఒకటేనమ్మా. పిల్లోడి కేసు పోకూడదు" అన్నాడు.

ఒక పాస్టరు తన చేత్తో తన సంఘస్తురాలి ఇంటి సిలువ దించాల్సి వచ్చింది. దీని వెనక ఉన్న చట్టాన్ని మన విద్యార్థులు కంఠతా పట్టాలి.

1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందువు కాని మనిషి ఎస్సీ కాడు అన్నది దాని సారం. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారితే బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ మూడో పేరా తీసేయమని సిఫార్సు చేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇమ్మని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2025లో మన హైకోర్టు, మతం మారి పాస్టరుగా ఉన్న మనిషి అట్రాసిటీ చట్టం కింద రక్షణ అడగలేడని చెప్పి, ఆయన పెట్టిన కేసు కొట్టేసింది.

అంటే మనం గుడిసెలో ఉన్నా గుళ్ళో ఉన్నా చర్చిలో ఉన్నా ఊరు తిట్టే తిట్టు ఒకటే. చట్టం మాత్రం తిట్టు తిన్నవాడి జేబులో బైబిలు ఉందా అని వెతుకుతుంది. మా తమ్ముణ్ణి కొట్టినవాడు "ఒరే బాప్టిస్టోడా" అని కొట్టలేదు. బాప్తిస్మం నీళ్ళకి కులం పోయి ఉంటే ఆ చెప్పు లేచేదే కాదు.

ఈ చట్టం మీద చర్చి అప్పుడప్పుడు ఊరేగింపు చేస్తుంది, వినతిపత్రం ఇస్తుంది. అది కావాలి. కానీ చట్టం మారే లోపల జరిగే దెబ్బల సంగతి? ఇక్కడే సాక్ష్యం అనే మాట దగ్గరికి రావాలి.

తెలుగులో ఈ మాటకి రెండిళ్ళు ఉన్నాయి. చర్చిలో సాక్ష్యం చెప్పడమంటే దేవుడు తనకి చేసిన మేలు పదిమందిలో లేచి నిలబడి చెప్పడం. కోర్టులో సాక్ష్యం చెప్పడమంటే తను కళ్ళతో చూసిన కీడు పదిమందిలో లేచి నిలబడి చెప్పడం. మాట ఒకటే, లేచి నిలబడడం కూడా ఒకటే. మా తమ్ముణ్ణి కొట్టినప్పుడు కిళ్ళీ కొట్టు దగ్గర మనవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ ఆదివారం పాటల బృందంలో ఉంటారు. ఇద్దరూ నెలకోసారైనా సాక్ష్యం చెబుతారు. కోర్టు సాక్ష్యానికి మాత్రం "మేం చూడలేదు" అన్నారు.

వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ పిల్లలు ఆ కామందు తోటలోనే పనిచేస్తారు. ఒక్కడుగా నిలబడితే రేపటి కూలి పోతుంది. నా కోపమంతా వాళ్ళని ఒక్కరుగా వదిలేసిన సంఘం మీద. మూడొందల మంది ఉన్న సంఘంలో ముప్పై మంది ఆ రోజు కోర్టు ఆవరణకి వస్తే ఆ ఇద్దరూ నోరు విప్పేవాళ్ళు కాదా?

ఒంటరి సాక్షికి ఏమవుతుందో మనకి కారంచేడు చెప్పింది. అది ఇక్కడికి దూరమే, చీరాల పక్కన. అయినా ఈ కథ అక్కడికి వెళ్ళకుండా పూర్తి కాదు. 1985 జూలైలో మాదిగలు తాగే చెరువు నీళ్ళు పాడుచేస్తుంటే ఒక కుర్రాడు వద్దన్నాడు. వాణ్ణి కొడుతుంటే నీళ్ళకి వచ్చిన ఒక ఆడమనిషి బిందె ఎత్తి అడ్డుపడింది. ఆమె పేరు సువార్త. మరునాడు, జూలై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. చనిపోయినవాళ్ళలో ఒకరి పేరు మోషే. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని జనం చీరాల పరుగెత్తారు. అక్కడ వాళ్ళకి చోటిచ్చింది చర్చి ఆవరణ. ఆ ఆవరణలోనే శిబిరం నడిచింది. ఉద్యమం అక్కడ ఊపిరి తీసుకుంది. సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు వచ్చారు. మన కోనసీమ కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా ఇచ్చి వచ్చారు.

చర్చి ఆవరణ అంటే అదీ. దుప్పట్లు పంచే చోటు కూడా అదే కావచ్చు, కానీ ఆ రోజు అది పారిపోయి వచ్చినవాళ్ళు తిరిగి నిలబడే చోటైంది. మతం ఏదైనా, పార్టీ ఏదైనా, వచ్చి కూర్చోగలిగిన చోటైంది.

ఆ కేసులో కీలక సాక్షి దుడ్డు అలీసమ్మ. తను చూసింది చెబుతానంది. ఆమెని చంపేశారు. కేసు సాగి సాగి 2008లో గానీ సుప్రీంకోర్టులో తేలలేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపితే, సాక్షులు దూరం వెళ్ళలేరని పోరాడి కోర్టునే ఊళ్ళోకి రప్పించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇన్నేళ్ళు సాక్షులు తట్టుకుని నిలబడాలి. తిండి కావాలి, కూలి కావాలి, ధైర్యం కావాలి, పక్కన మనిషి కావాలి. ఇంతకంటే పెద్ద సేవ ఏ సంఘానికైనా ఏముంటుంది? సువార్త ప్రకటించాలని వందల గుడారాల కూటాలు పెడతాం. చెరువు గట్టున బిందె ఎత్తిన సువార్తని ఎన్ని ప్రసంగాల్లో తలుచుకున్నాం?

ఇక్కడ రెండు వైపుల నుంచి నాకు అభ్యంతరాలు వస్తాయని తెలుసు.

చర్చి పెద్దలు అంటారు: "కోర్టులూ కేసులూ లోకసంబంధమైనవి. మనది ఆత్మల పని." అలాగైతే కుష్ఠు పుండు కడగడం ఏ సంబంధం? కాలువ కాంట్రాక్టు ఏ సంబంధం? చెయ్యి విరిగినవాడికి కట్టు కట్టడం ఆత్మీయమై, విరగ్గొట్టినవాడి పేరు చెప్పడం లోకసంబంధం ఎలా అవుతుంది? ఫరో ముందుకి వెళ్ళి మా జనాన్ని వదలమని అడిగిన మోషే చేసింది ఏ పని? క్షమాపణ గొప్పది, కాదనను. కానీ అది దెబ్బ తిన్నవాడు తన ఇష్టంతో ఇచ్చే కానుక. పక్కవాడు వాడి తరఫున సంతకం పెట్టే రాజీ కాగితం కాదు.

ఉద్యమ మిత్రులు అంటారు: "మతం మనల్ని మెత్తబరిచింది. అంబేద్కరే ఈ మాట అన్నాడు." నిజమే. మతం మారినవాళ్ళు తమ మీద జరిగే సాంఘిక అన్యాయం గురించి గొంతెత్తడం లేదని బాబాసాహెబ్ బాధగానే రాశారు. ఆ విమర్శ నేను ఒప్పుకుంటాను, చర్చి చదువుకోవాలంటాను. కానీ మిత్రులారా, పేటలో రాత్రి పూట పదిమంది కూడే చోటు ఏదో చెప్పండి. అధ్యయన కేంద్రమా, రేకుల షెడ్డా? ఆ షెడ్డులో కూర్చున్న ఆడవాళ్ళని "మూఢనమ్మకం" అని ఒక్క మాటతో కొట్టిపారేసి మనం ఎవరితో ఉద్యమం చేస్తాం? సువార్త, అలీసమ్మ ఆ షెడ్డుల్లోంచి వచ్చినవాళ్ళే. జాషువాని హిందూ ఛాందసులు కులం పేరుతో అవమానించారు, పురాణాలు చదివాడని క్రైస్తవ పెద్దలు వెలివేశారు. రెండు తలుపులు మూసుకున్నాక ఆయన గబ్బిలంతో మాట్లాడుకున్నాడు. మన పేట మనుషుల్ని మళ్ళీ గబ్బిలాలతో మాట్లాడుకునే గతికి తేవద్దు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభ జరిగింది. అక్కడ వేదనాయగం శామ్యూల్ అజరయ్య మాట్లాడారు. రెండేళ్ళ తర్వాత మన తెలుగు నేల మీద దోర్నకల్‌కి బిషప్ అయిన మనిషి. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, కానీ మమ్మల్ని స్నేహితులుగా చూడలేదు, మాకు కావాల్సింది స్నేహితులు అని దొరల మొహం మీదే చెప్పారు. ఆ మాట ఇప్పుడు మన సంఘాలకి తిప్పి చెప్పాల్సి వస్తోంది. మా పెద్దమ్మ వ్యాను దగ్గర అడిగింది కూడా అదే. స్నేహితుడు వాయిదాకి వస్తాడు.

ఊరికే అడగడం కాకుండా పని చెబుతాను. సంఘ పెద్దలు ఈ వ్యాసం చదివితే: మీ కానుకల్లో ఒక భాగం కేసుల నిధిగా పక్కన పెట్టండి. మీ సంఘంలో లాయర్లు ఉంటే వాళ్ళ సేవని కూడా సేవ అని పిలవండి. వాయిదా రోజున కనీసం పదిమందిని పంపండి. సాక్షి కూలి పోతే సంఘమే పని చూపించండి. మాల సంఘం, మాదిగ సంఘం అని విడివిడి చర్చిలు కట్టుకున్నచోట ఈ ఒక్క పనికైనా కలిసి రండి. ఇదేమీ ఎవరూ చేయలేనిది కాదు. సిమెంటు చొక్కా అయ్యగారు ఒక్కడే చేస్తున్నాడు.

విద్యార్థులకి: అట్రాసిటీ చట్టం 1989 నాటిది. 2015లో సవరించారు. ఆ సవరణతో వచ్చిన 15ఏ సెక్షను చదవండి. బాధితులకీ సాక్షులకీ రక్షణ, ప్రయాణ ఖర్చులు, విచారణ సమయంలో పోషణ ఖర్చు అడిగే హక్కు అందులో ఉంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. అరవై రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. ఇవి తెలిసిన ఒక్క డిగ్రీ కుర్రాడు స్టేషనులో పక్కన కూర్చుంటే చాలు, గొంతుల స్థాయి మారిపోతుంది. నేను చూశాను. మీ పేటలో ఎవరికి వాయిదా ఉందో కనుక్కోండి. ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టండి. హాజరు సంగతి మీ మేడమ్‌తో నేను మాట్లాడతాను.

జనవరిలో వాయిదాకి వెళ్ళాం. పెద్దమ్మ, నేను, తమ్ముడు, ఆ రోజు కూలి వదులుకుని వచ్చిన అయ్యగారు. ఈసారి ఇంకొకరు కూడా వచ్చారు. కిళ్ళీ కొట్టు దగ్గరున్న ఇద్దరిలో చిన్నవాడు. లోపలికి రాలేదు. గేటు బయట టీ బండి దగ్గర నిలబడ్డాడు. పెద్దమ్మ వెళ్ళి వాడికి టీ ఇప్పించి, "తిన్నావా బాబూ?" అని అడిగింది, ఇంకేమీ అడగలేదు. వాడు తల దించుకుని టీ తాగి, వెళ్ళేటప్పుడు "మళ్ళీ వాయిదా ఎప్పుడు పిన్నీ?" అన్నాడు.

సిలువ ఇంకా పెట్టెలోనే ఉంది, తువ్వాల్లో. తలుపు మీద మేకు కంత అలాగే ఉంది. కేసు గెలిచాక తగిలిస్తానంటోంది పెద్దమ్మ. మళ్ళీ వాయిదా మార్చిలో. గేటు బయటున్నవాడు లోపలికి రావాలంటే మనం ఎంతమంది వెళ్ళాలో లెక్క వేసుకోండి.

జై భీమ్.